రీమేక్ బాగుందో లేదో మీ బొటనవేలిని అడగండి

తమ్ముడూ, నువ్వడిగింది ఇదీ: కంపెనీలు పాత గేమ్‌లనే మళ్లీ మళ్లీ రీమేక్ చేసి అమ్ముతున్నాయి, కొత్త ఆలోచనలు లేకనా? గాజువాకలో మీ ఇంట్లో రోజూ ఇదే గొడవ. మీ అన్నయ్యేమో పీఎస్2 (ప్లేస్టేషన్ 2)లో ఆడినవే అసలైనవి, రీమేక్ అంటే పాత సరుకుకి కొత్త కవరు అంటాడు. నీకు ఆ పాతవి పది నిమిషాలు ఆడితే తలనొప్పి. మరి నాలుగు వేలు పోసి రీమేక్ కొనడంలో అర్థం ఉందా?

నేనెవరో చెప్పకుండా సలహా ఇస్తే బాగోదు. 2002 నుంచి 2010 దాకా మద్దిలపాలెంలో పన్నెండు సిస్టమ్‌లతో నెట్ సెంటర్ నడిపాను. నెట్ పేరుకే, సాయంత్రం ఆరు దాటితే పన్నెండింట్లోనూ గేమ్‌లే. తర్వాత ఏడేళ్లు హైదరాబాద్‌లో గేమ్ టెస్టింగ్ చేశాను. అంటే ఒకే గోడకి నాలుగొందల సార్లు గుద్దుకుని, ఎక్కడ దూరిపోతామో రాసుకునే ఉద్యోగం. ఇప్పుడు మళ్లీ వైజాగ్‌లోనే, ఇంట్లోంచి అదే పని.

మీ అన్నదమ్ములిద్దరూ గేమ్‌ని కళ్లతోనే చూస్తున్నారు. ఆయనకి పాత బొమ్మ ముద్దు, నీకు కొత్త బొమ్మ ముద్దు. గేమ్ ఉండేది బొమ్మలో కాదు, చేతిలో. చిన్నప్పుడు టీవీ గేమ్‌లో కాంట్రా ఆడినవాళ్లకి ముప్పై లైఫ్‌ల కోడ్ ఉంటుంది. ఇప్పుడు ఆ కోడ్ నోటితో చెప్పమంటే నేను రెండుసార్లు తడబడతాను. చేతికి జాయ్‌స్టిక్ ఇవ్వు, పైకి పైకి కిందకి కిందకి అంటూ వేలు దానంతటదే వెళ్లిపోతుంది. రీమేక్‌ని నేను కొలిచేది ఆ వేలితోనే.

ముందు రీమేక్ అసలెందుకు కావాలో చూద్దాం. మన తెలుగువాళ్లకి రీమేక్ అంటే సినిమాయే గుర్తొస్తుంది కాబట్టి అక్కడినుంచే వద్దాం. జగదాంబలో పాత సినిమాని 4కెలో రీరిలీజ్ చేస్తే ఈలలేసుకుంటూ వెళ్తాం. గేముల్లో దాన్ని రీమాస్టర్ అంటారు. లోపలి సరుకు పాతదే, దుమ్ము దులిపి మెరుగు పెడతారు. రీమేక్ అంటే అదే కథని మళ్లీ మొదట్నుంచి తీయడం. ఇంతవరకూ పోలిక కుదురుతుంది. కానీ పాత సినిమాని ఏ టీవీలో వేసినా, ఏ ఫోన్‌లో పెట్టినా అది సినిమాయే. పాత గేమ్ అలా కాదు. సగం డిస్క్‌లో ఉంటుంది, సగం అది నడిచే మిషన్‌లో ఉంటుంది. మిషన్ పోతే డిస్క్ టీ కప్పు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో సంగతి, టీవీ కూడా ఆ మిషన్‌లో భాగమే. 1991 నాటి సోనిక్‌లో ఒక జలపాతం ఉంటుంది. దాన్ని గీసినవాళ్లు నిలువు గీతలు ఒకటి విడిచి ఒకటి గీశారంతే. అప్పటి డబ్బా టీవీకి ఆ రోజుల కేబుల్‌తో కలిపితే గీతలు ఒకదాన్లోకి ఒకటి అలుక్కుపోయి, వెనకున్నది లీలగా కనిపించే నీళ్లలా ఉండేది. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలో అదే గేమ్ పెట్టు, జలపాతం కాస్తా కిటికీ ఊచల్లా కనిపిస్తుంది. నీకు పాత గేమ్ చూస్తే తలనొప్పి వస్తోందంటే, మీ అన్నయ్య చూసిన గేమ్‌ని నువ్వు చూడటం లేదన్నమాట. ఆ టీవీని ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో ఒక లెక్క తీసింది. అక్కడ విడుదలైన పాత గేముల్లో 87 శాతం ఇవాళ మార్కెట్లో మామూలుగా కొనడానికి దొరకవట. మిగిలిన దారులు రెండే: సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవడం, లేదంటే దొంగ కాపీ. నెట్ సెంటర్ నడిపినవాణ్ణి, ఆ రెండో దారి గురించి నేను నీతులు చెప్పను. కానీ రీమేక్‌కి ఉన్న మొదటి లాభం ఇదే. గేమ్‌ని చచ్చిపోయిన మిషన్ నుంచి దించి, బతికున్న మిషన్ మీదకి ఎక్కిస్తుంది.

ఎక్కించేటప్పుడే కాలు జారుతుంది.

1978లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది. గ్రహాంతరవాసులు వరసలు కట్టి మెల్లగా దిగుతుంటారు, నువ్వు కాలుస్తుంటే మిగిలినవాళ్లు వేగం పుంజుకుంటారు. చివరి ఒక్కడైతే పిచ్చెక్కినట్టు పరిగెడతాడు. గుండె దడదడలాడించే ఆ వేగం ముందు ఎవరూ అనుకుని పెట్టింది కాదు. అన్ని బొమ్మలు గీయడానికి ఆ చిప్‌కి శక్తి చాలేది కాదు. బొమ్మలు తగ్గేకొద్దీ చిప్‌కి ఊపిరి ఆడి వేగం పెరిగేది. చేసినాయన చూసి, బాగుందని అలాగే ఉంచేశాడు. 1999 నాటి సైలెంట్ హిల్‌లో ఊరంతా పొగమంచు, అది కూడా దాదాపు ఇలాంటిదే. పీఎస్1 దూరంగా ఉన్న వీధుల్ని గీయలేకపోయేది, అందుకని మంచు కప్పారు. ఆ మంచే ఆటకి ప్రాణమైంది.

మరి ఇలాంటి గేమ్‌ని ఇప్పటి మిషన్ మీద మళ్లీ చేసేవాడికి, ఏది చేతకాక పెట్టింది, ఏది తీస్తే ఆట చచ్చిపోతుంది అన్నది ఎవరు చెప్పాలి? కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

2021 నవంబర్‌లో జీటీఏ 3, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ మూడూ కలిపి డెఫినిటివ్ ఎడిషన్ అని వదిలారు. దాని బగ్‌ల (ప్రోగ్రామ్ తప్పుల) గురించి వీడియోలు చూసే ఉంటావు. నాకు మాత్రం ఒక్క బోర్డు గుర్తుండిపోయింది. శాన్ ఆండ్రియాస్‌లో టఫ్ నట్ అని డోనట్‌ల షాపు ఉంటుంది. షాపు మీద పెద్ద నట్టు బొమ్మ, బోల్టుకి బిగించే ఆరు పలకల నట్టు. జోకంతా అదే. పాత బొమ్మల్ని నున్నగా చేసే హడావిడిలో ఆ నట్టు పలకలు కూడా నున్నగా అరిగిపోయి గుండ్రంగా తయారైంది. మీ గాజువాక ఆటోనగర్‌లో ఏ ఫిట్టర్‌కి చూపించినా నవ్వుతాడు, గుండ్రటి నట్టుకి స్పానర్ ఎక్కడ పడుతుందయ్యా అని. చేసినవాళ్లకి బొమ్మ కనిపించింది గానీ అది నట్టని తెలియలేదు.

దానికంటే పెద్ద దెబ్బ మంచు తీసేయడం. శాన్ ఆండ్రియాస్ పీఎస్2లో దూరాన్ని మసకలో దాచేది. రాష్ట్రం రాష్ట్రమంతా తిరుగుతున్నామన్న భ్రమ అక్కణ్ణుంచే వచ్చేది. ఆ మసక తీసేసరికి కొండెక్కి చూస్తే మూడు నగరాలూ పక్కపక్కన పెరట్లో బొమ్మల కొలువులా కనిపించాయి. డిసెంబర్ పొద్దున్నే కైలాసగిరి ఎక్కి చూడు, మంచులో డాల్ఫిన్స్ నోస్ కొండ సగమే కనిపిస్తుంది, ఊరికి అంతే లేదనిపిస్తుంది. పదకొండింటికి ఎండెక్కాక అదే చోటునుంచి చూడు. కంపెనీ క్షమాపణ చెప్పింది, అమ్మకం నుంచి తీసేసిన పాత వెర్షన్లని పీసీలో మళ్లీ పెట్టింది. మూడేళ్ల తర్వాత 2024లో పాత వెలుగునీ పాత ఆకాశాన్నీ తిరిగిచ్చే అప్‌డేట్ వచ్చింది.

ఇదంతా ఇంకా కంటి గొడవే. చేతి గొడవ చెప్తాను.

మా సెంటర్‌లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల గేమ్ అంటే ఒక మతం. 2004లో దాన్నే మళ్లీ చేసిన సోర్స్ వెర్షన్ వచ్చింది. బొమ్మలు చాలా బాగుంటాయి, నీళ్లలో నీడలు, గుద్దితే దొర్లే డ్రమ్ములు. అప్పు చేసి రెండు సిస్టమ్‌లకి కొత్త గ్రాఫిక్స్ కార్డులు వేయించి, అది ఎక్కించి, గంటకి ఐదు రూపాయలు ఎక్కువ పెట్టాను. మొదటి రోజు అందరూ చుట్టూ మూగారు. రెండో రోజుకి ఆ రెండు కుర్చీలూ ఖాళీ. ఏయూలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఒకడు, మా సెంటర్‌లో అందరికంటే బాగా కాల్చేవాడు, కుర్చీలోంచి లేస్తూ అన్నాడు: "ఏటన్నా ఇది, నా తుపాకీ కాదిది." మ్యాప్ అదే, డస్ట్2. తుపాకీ పేరు అదే, ఏకే47. కానీ నాలుగో బుల్లెట్ ఎక్కడికి తన్నుతుందో వాడి మణికట్టుకి తెలుసు, సోర్స్‌లో అది అక్కడికి తన్నలేదు. అందం కోసం ఎవరూ గంటకి ఐదు రూపాయలు ఎక్కువివ్వరని నాకు ఆ వారంలో అర్థమైంది. గ్రాఫిక్స్ కార్డుల అప్పు తీరడానికి మాత్రం ఏడాది పట్టింది.

పదమూడేళ్ల తర్వాత అదే దెబ్బ నాకే తగిలింది. 2017లో క్రాష్ బాండికూట్ మొదటి మూడు గేమ్‌లూ రీమేక్ అయి పీఎస్4లో వచ్చాయి. మా మేనల్లుడి ముందు కాస్త ఫోజు కొడదామని కూర్చున్నాను. నేను పీఎస్1లో ఆ మొదటి గేమ్‌ని ఎన్నిసార్లు పూర్తి చేశానో లెక్కలేదు. అందులో తాళ్ల వంతెన ఉంటుంది, చెక్కలు ఊడిపోయి మధ్యలో ఖాళీలు. మొదటి ఖాళీ దాటాను. రెండో దాని దగ్గర నా బొటనవేలు ఎప్పుడు నొక్కాలో అప్పుడే నొక్కింది. క్రాష్ ఎగిరాడు, అవతలి చెక్క అంచు మీద కాలు పెట్టాడు, సబ్బు మీద పెట్టినట్టు జారి కిందపడ్డాడు. మళ్లీ అంతే. ఆరోసారికి మా వాడు జాలిగా, "పోనీ నేనాడనా మావయ్యా?" అన్నాడు.

వయసైపోయిందనే అనుకున్నాను. కాదు. రీమేక్ చేసినవాళ్లే తర్వాత ఒప్పుకున్నారు, ఎగురుడు మారిందని. మూడు గేమ్‌లకీ కలిపి మూడో గేమ్ నడకని మూలంగా తీసుకున్నారు. క్రాష్ పాత మొదటి గేమ్‌లో కంటే త్వరగా కిందకి దిగుతాడు. పైగా వాడి ఒంటి చుట్టూ కంటికి కనిపించని ఒక ఆకారం ఉంటుంది, నేలకి ఆనిందా లేదా అని కంప్యూటర్ చూసేది దాన్నే. ఆ ఆకారం అడుగు క్యాప్సూల్ మాత్రలా గుండ్రంగా పెట్టారు. అంచు మీద కాలు పెడితే గుండ్రటి అడుగు జారుతుంది. బొమ్మ చూస్తే నా చిన్ననాటి క్రాషే, ఇంకా ముద్దుగా ఉన్నాడు. వేలికి మాత్రం వేరే మనిషి. నవ్వొచ్చే సంగతి ఏంటంటే, వంతెన పక్క తాడు మీద ఎక్కి నడిచిపోయే పాత దొంగ దారి రీమేక్‌లోనూ పనిచేస్తుంది. ఆ రాత్రి పరువు దానితోనే నిలబెట్టుకున్నాను. మా మేనల్లుడికి పోల్చుకోవడానికి పాతది తెలియదు, రెండు వారాల్లో మొత్తం పూర్తి చేశాడు. వాడికి అదే క్రాష్, వాడి వేలికి అదే ఎగురుడు. అది తప్పని నేనెందుకు అంటాను?

చేతిని గౌరవించినవాళ్లూ ఉన్నారు. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌ని 2017లో రీమాస్టర్ చేశారు. కొరియాలో దాన్ని వృత్తిగా ఆడేవాళ్లు ఉన్నారు, ఒక్క తేడా వచ్చినా ఊరుకోరు. అందుకని బొమ్మలు మాత్రమే మార్చి లోపల వేలు పెట్టలేదు. ఒకేసారి పన్నెండు మంది సైనికుల్నే ఎంచుకోగలవన్న ఆ పాత ఇబ్బంది కూడా అలాగే ఉంచారు. ఈ రోజుల్లో అది చూస్తే ఎవరైనా బగ్ అంటారు. కానీ పన్నెండేసి మందిని చకచకా తిప్పడంలోనే ఆటగాడి పనితనమంతా ఉంది. ఎఫ్5 నొక్కితే కొత్త బొమ్మ పోయి పాత బొమ్మ వస్తుంది, మళ్లీ నొక్కితే కొత్తది. అలా నొక్కి చూస్తేనే నీ జ్ఞాపకం నీకెంత అబద్ధం చెప్పిందో తెలుస్తుంది. నా తలలో ఉన్న స్టార్‌క్రాఫ్ట్ ఆ కొత్త బొమ్మల్లాగే ఉండేది, తెర మీద ఎప్పుడూ అలా లేదు. 2021 నాటి డయాబ్లో 2 రీసరెక్టెడ్ కూడా ఇదే దారి. కింద పాత ఆటే సెకనుకి 25 ఫ్రేముల చొప్పున నడుస్తుంటుంది, పైన కొత్త చర్మం.

అలాగని ఏదీ ముట్టుకోకూడదనే బ్యాచ్ కాదు నేను. నా దృష్టిలో ఇప్పటిదాకా వచ్చినవాటిలో గొప్ప రీమేక్ 2002 నాటి రెసిడెంట్ ఈవిల్. 1996లో మొదటిది తీసిన షింజీ మికామీయే మళ్లీ తీశాడు. పాతదాంట్లో ఒక వరండా ఉంటుంది. నడుస్తుంటే కిటికీ పగలగొట్టుకుని కుక్క దూకుతుంది, ఆడినవాళ్లెవరూ మర్చిపోరు. రీమేక్‌లో అదే వరండా. పాతవాళ్లు ఊపిరి బిగబట్టి నడుస్తారు. అద్దం పుటుక్కున బీటలు వారుతుంది, అంతే. కుక్క రాదు. హమ్మయ్య అనుకుని మర్చిపోయాక, ఇంకెప్పుడో వెనక్కి వస్తుంటే అప్పుడు దూకుతుంది. చంపిన జాంబీని తల పేల్చకుండానో తగలబెట్టకుండానో వదిలేస్తే కాసేపటికి ఎర్రబడి లేచి వెంటపడతాడు. పాత గేమ్‌లో చంపిన గది అంటే భయం లేని గది. ఆ ధైర్యాన్నే రీమేక్ లాగేసింది. పాతది ఆడినవాడి అనుభవాన్నే వాడి మీదకి ఆయుధం చేశాడు మికామీ. ఇది కొత్త గేమ్‌కి చేతకాదు, పాత గేమ్‌కీ చేతకాదు. రీమేక్ ఒక్కటే చేయగల పని.

2019 నాటి రెసిడెంట్ ఈవిల్ 2 ఇంకో రకం. 1998 దాంట్లో కెమెరా గది మూలన కదలకుండా ఉంటుంది, మనిషి లారీ రివర్స్ చేసినట్టు తిరుగుతాడు. రీమేక్‌లో కెమెరా భుజం వెనక్కి వచ్చింది, మనిషి మనిషిలా తిరుగుతాడు. పాత చేతికి ఇక్కడ ఏమీ మిగల్లేదు, కానీ భయం వేరే దారిలో తిరిగొచ్చింది. టోపీ పెట్టుకున్న ఆ పెద్దాయన పోలీస్ స్టేషనంతా నీ కోసం వెతుకుతుంటాడు, పై అంతస్తులో బూట్ల చప్పుడు వినిపిస్తుంటుంది. 2020లో వచ్చిన మూడోది మాత్రం పాతదాంట్లోని గడియార స్తంభం భాగాన్ని దాదాపు ఎగ్గొట్టేసింది, సేల్‌లో దొరికితే చూడు.

ఆ లారీ రివర్స్ నడకని ఇప్పటికీ సమర్థించేవాళ్లున్నారు, మీ అన్నయ్య కూడా ఆ జాబితాలోనే ఉండొచ్చు. నేనూ కొంతవరకు ఒప్పుకుంటాను. ఆర్‌కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూశావు కదా. 1969లో నేవీలోకి వచ్చింది, 2001లో రిటైరైంది, మరుసటి ఏడాది మ్యూజియం చేశారు. లోపలికి వెళ్లినవాళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి నడుం వంచి దూరాలి, తల బాదుకుంటారు కూడా. తలుపులు వెడల్పు చేసి, ఏసీ పెట్టి, అద్దాల నడవాలతో కొత్తది కట్టి ఉంటే హాయిగా ఉండేది. కానీ నావికుడు నెలల తరబడి అలా వంగి బతికాడన్న సంగతి నీ నడుముకి తెలిసేది కాదు. పాత రెసిడెంట్ ఈవిల్‌లో మనిషి త్వరగా వెనక్కి తిరగలేకపోవడం కూడా అలాంటి కంతే. అందుకే నేను రెండూ ఉండాలంటాను: రోజూ ప్రయాణానికి కొత్త ఓడ, ఒడ్డున పాతది. కొత్తది వచ్చిందని పాతదాన్ని తుక్కుకి వేస్తేనే నాకు కోపం వస్తుంది.

ఆ పని 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3 విషయంలో జరిగింది. రీఫోర్జ్‌డ్ అని రీమేక్ వదిలారు, దానితోపాటు పాతది కొనుక్కున్నవాళ్ల ప్రోగ్రామ్‌ని కూడా కొత్తదానితో మార్చేశారు. ముందు ఉన్న కొన్ని సౌకర్యాలు కూడా మాయమయ్యాయి. గోల గోల అయ్యి డబ్బులు వెనక్కిచ్చే దాకా వెళ్లింది. మా సెంటర్‌లో రాత్రి పదకొండింటికి షట్టర్ సగం దించి డోటా అనే ఆట ఆడింది ఆ వార్‌క్రాఫ్ట్ 3 మీదే. కొత్తది నచ్చకపోతే పాతదానికి పోదామంటే పాతది లేదు. రీమేక్‌తో రాగల అతి పెద్ద నష్టం ఇదే, గ్రాఫిక్స్ సంగతి తర్వాత.

పాతదాన్ని దాచుకోవడం అనుకున్నంత తేలిక కూడా కాదులే. సొంత ఇంట్లోనే పోగొట్టుకుంటారు. 2012లో సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్ చేయబోతే, పాత గేముల పూర్తయిన సోర్స్ కోడ్, అంటే గేమ్‌ని రాసిన అసలు ప్రోగ్రామ్, కంపెనీ దగ్గరే లేదు. సగంలో ఉన్న కోడ్‌తో పని మొదలుపెట్టారు. ఎప్పుడో సరిచేసిన బగ్‌లు మళ్లీ వచ్చాయి, ఆ ప్రసిద్ధమైన మంచు చిరిగిన దుప్పటిలా తయారైంది. అదే ఏడాది ఇంకో చోట అదృష్టం తలుపు తట్టింది. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోడ్ పోయిందనే అనుకున్నాడు దాన్ని రాసిన జోర్డాన్ మెక్‌నర్. వాళ్ల నాన్న ఇంట్లో ఏదో వెతుకుతుంటే అలమరలో పెట్టె దొరికింది, అందులో ఫ్లాపీలు. జాగ్రత్తగా చదివించి నెట్‌లో అందరికీ పెట్టేశాడు. ఆ గేమ్‌లో రాకుమారుడి పరుగు ఆయన తమ్ముడిదే. తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి వీడియో తీసి, ఒక్కో ఫ్రేమ్ చూసి గీశాడు. ఆ పరుగు బరువు ఇప్పటికీ చేతికి తెలుస్తుంది.

నా పెట్టె మాత్రం దొరకలేదు. సెంటర్ మూసేసినప్పుడు డిస్కులూ, కుర్రాళ్ల సేవ్ ఫైళ్లు (ఎవరి ఆట ఎంతవరకు వచ్చిందో ఉండేవి) రాసి పెట్టిన సీడీలూ రెండు అట్టపెట్టెల్లో సర్ది మా ఇంటి మేడ మీద రేకుల గదిలో పెట్టాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. నేను హైదరాబాద్‌లో ఉన్నాను, ఫోన్లు కలవలేదు. నాలుగు రోజులకి వచ్చి చూస్తే రేకులు లేవు, గదిలో ఆకులు, మడమ లోతు నీళ్లు. సీడీలు ఆరబెడితే పై వెండిపొర అప్పడంలా లేచి చేతికొచ్చింది, అద్దంలాంటి ప్లాస్టిక్ బిళ్ల మిగిలింది. అందులో నా డయాబ్లో 2 సేవ్ ఒకటి, 2003లో రాత్రుళ్లు కూర్చుని పెంచిన మంత్రగత్తె. 2021లో రీసరెక్టెడ్ వచ్చినప్పుడు చెప్పారు, పాత సేవ్ ఫైల్ తెచ్చి పెడితే అందులో నడుస్తుందని. ఇరవై ఏళ్ల కిందటి పాత్ర కొత్త బట్టల్లో లేచి నిలబడుతుందట. ఆ వార్త చదివి కాసేపు ఏమీ చేయబుద్ధి కాలేదు.

టెస్టింగ్‌లో ఉన్నప్పుడు జరిగింది ఒకటి చెప్పి కొనుగోలు విషయానికి వస్తాను. ఒక పాత గేమ్‌ని ఫోన్‌కి మారుస్తున్నారు, పేరొద్దు. మూడో లెవెల్లో ఒక గోడ మూల పట్టుకుని రెండుసార్లు ఎగిరితే పైకి చేరి, లెవెల్ సగం ఎగ్గొట్టేయొచ్చు. నా పని నేను చేశాను, బగ్ అని రాశాను. వాళ్ల పని వాళ్లు చేశారు, గోడ పెంచారు. విడుదలైన రోజు సాయంత్రానికి తిట్ల వాన. ఆ గోడ దారి దశాబ్దం నుంచి అందరికీ తెలిసినదట, ఎవరెంత త్వరగా పూర్తి చేస్తారన్న పోటీలన్నీ దాని మీదే నడుస్తాయట. పదిహేను రోజుల్లో గోడ మళ్లీ దించారు. అప్పట్నుంచి పాత గేమ్ పని వస్తే ముందు నేనే ఒక నెల ఆడతాను, ఆడేవాళ్ల కబుర్లు చదువుతాను, ఆ తర్వాతే బగ్‌ల చిట్టా తెరుస్తాను.

కొత్త ఆలోచనలు లేకనా అని అడిగావు. డబ్బు కోసమే, అందులో దాపరికం ఏముంది. తెలిసిన పేరు అమ్మడం తేలిక. 2013 నాటి లాస్ట్ ఆఫ్ అస్‌ని తొమ్మిదేళ్లకే మళ్లీ చేసి పూర్తి ధరకి అమ్మితే నాకూ ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, కళ్లు కనపడనివాళ్ల కోసం అందులో సీన్లలో ఏం జరుగుతోందో గొంతుతో చెప్పే ఏర్పాటు పెట్టారని. నాకు అనవసరమైన రీమేక్ ఇంకొకరికి మొదటి అవకాశం అయింది. కొత్త ఆలోచనలు రీమేకుల్లోకీ దూరుతాయి. 1997లో మూడు సీడీల్లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7లో మొదటి నగరం కొన్ని గంటల్లో అయిపోయేది. 2020 రీమేక్‌లో ఆ నగరమే ఒక పూర్తి గేమ్. సాగదీశారనేవాళ్లూ ఉన్నారు, నేనూ అక్కడక్కడా ఆవలించాను. కంపెనీలతో పని లేకుండా అభిమానులు మొదలుపెట్టినవీ ఉన్నాయి. 1998 నాటి హాఫ్ లైఫ్‌ని అభిమానులే ఏళ్ల తరబడి మళ్లీ కట్టి, బ్లాక్ మెసా పేరుతో 2020లో పూర్తి చేశారు. అందరూ తిట్టుకునే ఆఖరి భాగాన్ని మూలం కంటే బాగా కట్టారు.

మన దేశం సంగతి కూడా ఒక మాట. 2003 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ రీమేక్‌ని యూబీసాఫ్ట్ 2020లో ప్రకటించినప్పుడు, చేస్తున్నది పుణె, ముంబై స్టూడియోలని తెలిసి మా టెస్టర్లమంతా చప్పట్లు కొట్టాం. ట్రైలర్ చూసి జనం పెదవి విరిచారు, విడుదల వాయిదాల మీద వాయిదా పడి, 2022లో పని మాంట్రియల్‌కి వెళ్లిపోయింది. బాధేసింది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 మాత్రం సంతోషపెట్టింది. 1999లో వచ్చినప్పుడు అందులో మనవాళ్లు లేనే లేరు. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ చేశాక 2022లో ద్రావిడులు, బెంగాలీలు, గుర్జరులు వచ్చి చేరారు, రాజేంద్ర చోళుడి కథ ఆడొచ్చు. ద్రావిడ సైనికులు తమిళంలోనే బదులిస్తారు, కాకతీయుల కోసం ఇంకా ఎదురుచూపే. 1999లో ఆగిపోయి ఉంటే ఆ పాటి కూడా దక్కేది కాదు కదా.

ఇక నీ నాలుగు వేలు. కొత్తగా వచ్చిన రోజున ఏ రీమేకూ కొనకు, ఆర్నెల్లు ఆగితే సేల్‌లో సగానికి వస్తుంది, ఈలోగా బగ్‌లూ తగ్గుతాయి. రెసిడెంట్ ఈవిల్ 2, 4 కళ్లు మూసుకుని కొను. క్రాష్ నువ్వు పాతది ఆడలేదు కాబట్టి నీకు ఇబ్బంది లేదు. జీటీఏ అయితే పీసీలో పాత వెర్షన్ దొరికితే అదే. మా సెంటర్‌లో అన్నిటికంటే ఎక్కువ అరిగిన సీడీ రోడ్ రాష్‌ది, దానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ రీమేక్ చేయలేదు, చేస్తే ఆ రోజు నేనే లైన్‌లో ముందుంటాను. కొనే ముందు ట్రైలర్ చూడకు, మాటలు లేకుండా ఆడిన వీడియో అరగంట చూడు, వీలైతే డెమో ఆడు. నొక్కినప్పుడు మనిషి ఎంత ఆలస్యంగా కదులుతున్నాడో గమనించు.

మీ అన్నయ్య పీఎస్2 ఇంకా నడుస్తోందని రాశావు, అది పారేయనివ్వకు. మన ఊరి గాలిలో ఉప్పు ఉంటుంది, ఇనుము తలుపు గొళ్లాలే తినేస్తుంది, ఇక మిషన్ లోపలి పిన్నులు ఎంత. బూట్ల డబ్బాలో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు దాచిపెట్టి డిస్కుల పెట్టెలో వేయండి, నెలకోసారి మిషన్ ఆన్ చేసి అరగంట ఆడండి, వానాకాలం అయితే వారానికోసారి. మెమరీ కార్డ్‌లోని సేవ్‌లు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకునే చిన్న అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాపీ చేశాక ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి ఊరవతల ఎవరైనా చుట్టాలింట్లో పెట్టండి. మేడ మీద రేకుల గదిలో మాత్రం వద్దు.